టర్బో రోటరీ కారుకి ఏ ఈసీయూ తీసుకోవాలి? ప్రాసెసర్ స్పీడ్ చూసి మాత్రం కాదు

మా బావ ఉండేది అమెరికాలో, డాలస్ దగ్గర. నేనుండేది సారపాకలో. గోదావరి బ్రిడ్జి దాటితే భద్రాచలం, వెనక్కి తిరిగితే పాల్వంచ వైపు అడవి. మా ఇద్దరి మధ్య పదిన్నర గంటల తేడా ఉంది, ఒక పాత కారు కూడా ఉంది. 1990 మోడల్ మాజ్దా ఆర్ఎక్స్-7, టర్బో. పోయినేడాది బావ దాన్ని కొని, పాత టర్బో పీకేసి ఇంకాస్త పెద్దది పెట్టే పనిలో పడ్డాడు. పెద్ద టర్బో పెడితే కంపెనీ ఇచ్చిన పాత కంప్యూటర్ పనికిరాదు. అప్పుడు నాకు ఫోన్ చేసి, "నువ్వు సాఫ్ట్‌వేరోడివి కదరా, ఏ కంప్యూటర్ మంచిదో చూసి చెప్పు" అన్నాడు.

ఫోన్ల రివ్యూలు రాసే అలవాటు ఉంది కాబట్టి ముందు స్పెసిఫికేషన్ల పట్టిక వేశాను. ఏ చిప్, ఎన్ని మెగాహెర్ట్జ్, ఎంత ర్యామ్. ఆ పట్టిక ఎందుకు సరిపోదో, దాని బదులు ఏం చూడాలో ఈ ఆర్టికల్లో చెప్తాను. రోటరీ కారు మీరు జీవితంలో ముట్టుకోకపోయినా పర్లేదు. 2020 ఏప్రిల్ తర్వాత కొన్న బీఎస్-6 స్ప్లెండర్ మీ ఇంట్లో ఉంటే, దాని సీటు కిందో పక్కనో ఇలాంటి కంప్యూటరే ఒకటి పని చేస్తూ ఉంటుంది.

అసలు ఈసీయూ చేసే పని

ఈసీయూ అంటే ఇంజిన్ కంట్రోల్ యూనిట్. ఇంజిన్‌లోకి ఎంత గాలి వెళ్తోందో లెక్కేసి, దానికి సరిపడా పెట్రోల్ చిమ్మి, సరైన క్షణంలో స్పార్క్ ఇవ్వడం దాని పని. ఎంత పెట్రోల్, ఏ డిగ్రీ దగ్గర స్పార్క్ అనేవి టేబుల్స్‌లో ఉంటాయి. అడ్డంగా ఆర్‌పీఎమ్, నిలువుగా గాలి ప్రెషర్. 16 గడులు ఇటు, 16 గడులు అటు ఉన్న ఎక్సెల్ షీట్ ఊహించుకోండి. ట్యూనింగ్ అంటే ఆ గడుల్లో అంకెలు సరిచేయడమే.

ఇంత చిన్న లెక్కకి పెద్ద ప్రాసెసర్ అక్కర్లేదు. ఆ లెక్క సమయానికి అందాలి, అంతే. 8000 ఆర్‌పీఎమ్ దగ్గర ఇంజిన్ షాఫ్ట్ ఒక చుట్టు తిరగడానికి పట్టేది 7.5 మిల్లీసెకన్లు. ఒక్క డిగ్రీ తిరగడానికి సుమారు 21 మైక్రోసెకన్లు. మీ ఫోన్‌లో 60 హెర్ట్జ్ స్క్రీన్ ఒక ఫ్రేమ్ మిస్ అయితే పోయేది 16.7 మిల్లీసెకన్లు, స్క్రోల్ చేసేటప్పుడు చిన్న జర్క్ కనిపిస్తుంది, అంతే. అదే ఆలస్యం ఇక్కడ జరిగితే షాఫ్ట్ రెండు చుట్లు పైనే తిరిగేసి ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో 3 గిగాహెర్ట్జ్ చిప్ ఉన్నా, మధ్యలో వాట్సాప్ నోటిఫికేషన్ వస్తే అది దాని వైపు చూస్తుంది. ఈసీయూకి ఆ స్వేచ్ఛ లేదు. సాఫ్ట్‌వేర్ భాషలో దీన్ని హార్డ్ రియల్ టైమ్ అంటారు. సరైన జవాబు లేటుగా వచ్చినా అది తప్పు జవాబే.

స్పీడ్యూనో అనే ఓపెన్ సోర్స్ ఈసీయూ ఆర్డ్యూనో మెగా బోర్డు మీద నడుస్తుంది. 8 బిట్ చిప్, 16 మెగాహెర్ట్జ్, ర్యామ్ 8 కిలోబైట్లు. ఈ ఆర్టికల్లోని అక్షరాలే అందులో పట్టవు. అయినా 8000 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక డిగ్రీ తిరిగే లోపు దానికి 333 క్లాక్ సైకిళ్లు దొరుకుతాయి. దాని టైమర్ 4 మైక్రోసెకన్ల మెట్లలో కదులుతుంది, అంటే 0.2 డిగ్రీ కన్నా తక్కువ. స్పార్క్ టైమింగ్‌కి అది చాలు. నా పట్టికలో మొదటి కాలమ్ అక్కడే కొట్టేశాను.

రోటరీతో వచ్చే తంటా

మామూలు ఇంజిన్‌లో పిస్టన్ పైకీ కిందకీ కదులుతుంది. రోటరీలో పిస్టన్ లేదు. పల్లికాయ ఆకారంలో ఉన్న గది, అందులో మూడు మూలల రోటర్ ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఫెలిక్స్ వాంకెల్ పేరు మీద వాంకెల్ ఇంజిన్ అని కూడా అంటారు. మాజ్దా 1967లో కాస్మో స్పోర్ట్‌తో మొదలుపెట్టి దీన్ని వదలకుండా పట్టుకుంది. 1991లో నాలుగు రోటర్ల 787బీ కారుతో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచింది. మన దగ్గర మాజ్దా పేరు స్వరాజ్ మాజ్దా బండ్ల వల్లే తెలుసు, వాటికీ రోటరీకీ సంబంధం లేదు.

బావ కారులో ఉన్నది 13బీ. ఒక్కోటి 654 సీసీ ఉన్న రెండు రోటర్లు, మొత్తం 1308 సీసీ. రోటర్ మూడు మూలల్లో 2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప పట్టీలుంటాయి. వాటిని అపెక్స్ సీల్స్ అంటారు. ఇంజిన్ ప్రాణం అంతా వాటిలోనే ఉంది. పిస్టన్ ఇంజిన్‌లో నాకింగ్ అంటే పెట్రోల్, గాలి కలిసిన మిశ్రమం సరైన సమయానికి కాకుండా దానంతటదే భగ్గుమనడం. కాసేపు టకటకమని శబ్దం వస్తుంది, డ్రైవర్ కాలు తీస్తాడు, చాలాసార్లు బతికిపోతుంది. టర్బో రోటరీలో బలమైన నాకింగ్ కొద్ది చుట్ల పాటు వచ్చినా సీల్ విరగొచ్చు. విరిగిన ముక్క లోపలి గోడను గీరేసి, బయటికి పోతూ టర్బో రెక్కల్ని కూడా కొట్టేస్తుంది. తర్వాత ఇంజిన్ మొత్తం విప్పాలి. ఆ బిల్లు ముందు ఈసీయూ ఖరీదు చిన్నదైపోతుంది. అందుకే ఈ ఎంపికని ఫోన్ కొన్నట్టు చూడలేదు.

ఇంకో విచిత్రం. నాలుగు స్ట్రోక్‌ల పిస్టన్ ఇంజిన్‌లో ఒక సిలిండర్ రెండు చుట్లకి ఒకసారి పేలుతుంది. రోటరీలో ఒక్కో రోటర్ షాఫ్ట్ ప్రతి చుట్టుకీ ఒకసారి పేలుతుంది. దీనివల్ల ఒక మంచి, ఒక చెడు. మంచి ఏంటంటే, ఇది ఏ చుట్టు అని తెలుసుకోవడానికి క్యామ్ సెన్సర్ అక్కర్లేదు, ప్రతి చుట్టూ ఒకటే. స్పీడ్యూనో లాంటి వాటికి "ఇది నాలుగు సిలిండర్ల నాలుగు స్ట్రోక్‌ల ఇంజిన్" అని చెప్తే నమ్మేస్తాయి. చెడు ఏంటంటే, పెట్రోల్ చిమ్మడానికి దొరికే టైమ్ సగమే. పిస్టన్ ఇంజిన్‌కి 8000 దగ్గర 15 మిల్లీసెకన్లు ఉంటే, రోటరీకి 7.5. అందులోనూ ఇంజెక్టర్ తెరుచుకోవడానికే దాదాపు ఒక మిల్లీసెకన్ పోతుంది.

అందుకే రోటర్‌కి రెండు ఇంజెక్టర్లు పెడతారు. నిదానంగా వెళ్లేటప్పుడు ప్రైమరీ ఒక్కటే, బూస్ట్ వచ్చాక సెకండరీ కూడా కలుస్తుంది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఈ కారులో నాలుగూ 550 సీసీవే. పెద్ద టర్బోకి అవి చాలవు. రెండోది కలిసే ఆ క్షణంలో ఈసీయూ లెక్క తప్పితే ఇంజిన్ ఒక్కసారి తడబడుతుంది. ఆ తడబాటు పెట్రోల్ ఎక్కువై వస్తే పొగ, తక్కువై వస్తే సీల్. కాబట్టి స్టేజ్డ్ ఇంజెక్షన్ ఉందా లేదా అన్నది నా కొత్త పట్టికలో మొదటి ప్రశ్న అయింది.

ఒక రోటర్‌కి రెండు ప్లగ్గులు

పల్లికాయ గది పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఒక మూల వెలిగించిన మంట ఇంకో మూలకి చేరడం కష్టం. అందుకే రోటర్‌కి రెండు స్పార్క్ ప్లగ్గులు. కింద ఉన్నది లీడింగ్, పైన ఉన్నది ట్రెయిలింగ్. లీడింగ్ ముందు వెలగాలి, కొన్ని డిగ్రీల తర్వాత ట్రెయిలింగ్. ఈ తేడాని స్ప్లిట్ అంటారు. తిరగబడి ట్రెయిలింగ్ ముందు వెలిగిందంటే ఇంజిన్‌కి ముప్పే. స్ప్లిట్ కూడా లోడ్‌ని బట్టి మారాలి, కాబట్టి దానికీ ఒక టేబుల్ కావాలి. చాలా మామూలు ఈసీయూల్లో ఈ టేబుల్ ఉండదు, ఎందుకంటే మామూలు కార్లకి ఆ అవసరమే లేదు.

ఈ మోడల్ కారులో మాజ్దా ఇంకో తిరకాసు పెట్టింది. లీడింగ్‌కి ఒకే కాయిల్, రెండు రోటర్లకీ ఒకేసారి స్పార్క్ ఇస్తుంది. ట్రెయిలింగ్‌కి రెండు కాయిల్స్ ఉన్నాయి కానీ, "ఇప్పుడు వెలిగించు" అని ఒక వైరు, "ఏది వెలిగించాలి" అని ఇంకో వైరు. ఇది తెలియని ఈసీయూ కలిపితే ముందు రోటర్ ప్లగ్గు బదులు వెనకది వెలుగుతుంది. స్పీడ్యూనోకి ఈ పద్ధతి తెలుసు. సెట్టింగ్స్‌లో రోటరీ అని పెట్టి ఈ మోడల్ ఎంచుకుంటే, ఒక అవుట్‌పుట్ లీడింగ్‌కి, ఒకటి ట్రెయిలింగ్‌కి, ఒకటి ఎంపిక వైరుకి ఇస్తుంది. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో ఇంత చిన్న విషయం పట్టించుకున్నారంటే ముచ్చటేసింది.

అయితే పాత కాయిల్స్ ఉంచాలా అన్నది వేరే ప్రశ్న. ఆ ఒక్క లీడింగ్ కాయిల్ చుట్టుకి రెండుసార్లు స్పార్క్ ఇవ్వాలి. 8000 దగ్గర సెకనుకి 267 స్పార్కులు, ఒక్కోదానికీ మధ్య 3.75 మిల్లీసెకన్లే. కాయిల్ నిండడానికే 3 మిల్లీసెకన్లు అవసరమైతే, ఇక స్పార్క్ వెలగడానికి మిగిలేది ఎంత? బూస్ట్ పెరిగేకొద్దీ గాలి చిక్కబడి స్పార్క్ దూకడం ఇంకా కష్టమవుతుంది. అందుకే బావ నాలుగు ప్లగ్గులకి నాలుగు వేరు కాయిల్స్ పెడుతున్నాడు. అంటే నాలుగు ఇగ్నిషన్ అవుట్‌పుట్లు, నాలుగు ఇంజెక్టర్ అవుట్‌పుట్లు కావాలి. ఇవి తగ్గకూడదు, ఎనిమిది ఉంటే వృథా.

షాఫ్ట్ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఈసీయూ బయటికి పంపే సిగ్నల్స్. లోపలికి వచ్చే సిగ్నల్ తప్పైతే అవన్నీ తప్పే. షాఫ్ట్ ఏ డిగ్రీలో ఉందో చెప్పే సెన్సర్‌ని ఈ కారులో క్యాస్ అంటారు, క్రాంక్ యాంగిల్ సెన్సర్. చూడ్డానికి పాత డిస్ట్రిబ్యూటర్‌లా ఉంటుంది. లోపల 24 పళ్ల చక్రం ఒకటి, 2 పళ్ల చక్రం ఒకటి, రెండూ షాఫ్ట్‌లో సగం స్పీడ్‌తో తిరుగుతాయి. అంటే షాఫ్ట్ ప్రతి 30 డిగ్రీలకి ఒక పల్స్ వస్తుంది. మధ్యలో ఉన్న 29 డిగ్రీలూ ఈసీయూ అంచనాయే. ముందు రెండు పళ్ల మధ్య ఎంత టైమ్ పట్టిందో చూసి, తర్వాతది కూడా అంతే అనుకుంటుంది. జీపీఎస్ సిగ్నల్ లేని చోట మ్యాప్స్ యాప్ మన కారుని అంచనాగా ముందుకి జరుపుతుంది చూడండి, అలాగే. పాల్వంచ నుంచి భద్రాచలం వచ్చే అడవి రోడ్డు మీద నేను ఇది చాలాసార్లు చూశా. రోడ్డు తిన్నగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, మలుపు రాగానే కారు చెట్లలోకి వెళ్లిపోతుంది. ఇంజిన్‌లో మలుపు అంటే సడెన్‌గా ఆర్‌పీఎమ్ పెరగడం.

దీనికి మందు క్యాస్ తీసేసి, షాఫ్ట్ ముందున్న పుల్లీకి 36 పళ్ల చక్రమో 60 పళ్ల చక్రమో బిగించడం. గుర్తు కోసం అందులో రెండు పళ్లు తీసేస్తారు. 36 అయితే 10 డిగ్రీలకో పల్స్, 60 అయితే 6 డిగ్రీలకో పల్స్. పాత గేర్ల మధ్య ఉండే ఆట కూడా పోతుంది. మంచి ఈసీయూ మీద పెట్టే డబ్బులో కొంత ఇక్కడ పెట్టడమే తెలివైన పని అని నా అభిప్రాయం. ప్రస్తుతానికి బావ క్యాస్‌తోనే మొదలుపెడుతున్నాడు, చక్రం తర్వాత.

ఇంకో మాట. ఈ సెన్సర్ ఇచ్చేది డిజిటల్ సిగ్నల్ కాదు, అయస్కాంతం వల్ల పుట్టే అల. వైర్లు రెండూ అటూ ఇటూ మారితే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, కానీ ఆర్‌పీఎమ్ పెరిగేకొద్దీ టైమింగ్ జారిపోతూ ఉంటుంది. స్క్రీన్ మీద అంకె సరిగ్గానే కనిపిస్తుంది, నిజంలో స్పార్క్ వేరే చోట పడుతుంది. అందుకే స్క్రీన్ మీద అంకెను నమ్మకండి.

నేను ఇంట్లో టేబుల్ మీద ఒక ఆర్డ్యూనోతో ఈ 24, 2 పళ్ల పల్సులు పుట్టించి, ఇంకో ఆర్డ్యూనో మీద స్పీడ్యూనో ఎక్కించి, చవక లాజిక్ అనలైజర్‌తో చూశాను. ఇంజిన్ లేదు, పెట్రోల్ లేదు, ఖర్చు ఒక మంచి ఇయర్‌బడ్స్ అంత. లీడింగ్ పల్స్ వెనకే ట్రెయిలింగ్ పల్స్ రావడం, ఎంపిక వైరు అటూ ఇటూ మారడం స్క్రీన్ మీద చూస్తే పుస్తకంలో చదివినదాని కంటే పది రెట్లు అర్థమవుతుంది. గాలివాన వచ్చి కరెంటు ఊగినప్పుడు బోర్డు రీసెట్ అయితే ఏం జరుగుతుందో కూడా చూడగలిగాను. కారులో సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ 9, 10 వోల్టులకి పడిపోతుంది, అక్కడ కూడా సమస్య అదే. ఎలక్ట్రానిక్స్ మీద ఇష్టం ఉన్నవాళ్లు ఈ ప్రయోగం తప్పకుండా చేయండి.

మార్కెట్లో ఉన్నవి

ఓపెన్ సోర్స్‌లో స్పీడ్యూనో కాకుండా రుస్‌ఈఎఫ్‌ఐ ఉంది. ఎస్‌టీఎమ్32 చిప్ మీద నడుస్తుంది, నాక్ సెన్సర్ శబ్దాన్ని సాఫ్ట్‌వేర్‌లోనే విశ్లేషించే సత్తా దానికి ఉంది. మెగాస్క్విర్ట్ వీటికంటే పాతది. రోటరీ వాళ్లు దాన్ని చాలా ఏళ్లుగా వాడుతున్నారు. ఈ మూడింటికీ ట్యూనర్‌స్టూడియో అనే ఒకే ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. ఒకటి నేర్చుకుంటే మూడూ వచ్చినట్టే.

కంపెనీ ఈసీయూల్లో హాల్టెక్, మోటెక్ ఆస్ట్రేలియావి, లింక్ న్యూజిలాండ్‌ది. ఇది యాదృచ్ఛికం కాదు. ఆ రెండు దేశాల్లోనూ రోటరీ పిచ్చి ఎక్కువ, అందుకే ఆ కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో రోటరీ అనేది చివర్లో అతికించిన ఫీచర్‌లా ఉండదు. జపాన్‌కి చెందిన అపెక్సీ పవర్ ఎఫ్‌సీ ఒకప్పుడు ఆర్ఎక్స్-7 వాళ్లందరి ఫేవరెట్, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే. పాత ఫోన్ ఎంత మంచిదైనా అప్‌డేట్లు ఆగిపోతే ఏమంటామో అదే అంటాను.

పిగ్గీబ్యాక్ అని ఇంకో రకం ఉంది. కంపెనీ ఈసీయూని అలాగే ఉంచి, మధ్యలో కూర్చుని సిగ్నల్స్ కొంచెం మారుస్తుంది. బెంగళూరు రేస్ డైనమిక్స్ వాళ్ల పవర్‌ట్రానిక్ మన బైకుల్లో ఇలాంటిదే, కేటీఎమ్ డ్యూక్ నడిపేవాళ్లకి తెలిసే ఉంటుంది. బైక్‌కి అది బాగానే ఉంటుంది. 35 ఏళ్ల నాటి ఈసీయూ, గాలిని కొలవడానికి పాతకాలపు మీటరు ఉన్న కారులో పెద్ద టర్బో పెడుతూ పిగ్గీబ్యాక్ వాడటం మాత్రం నాకు నచ్చదు. పునాది పాతదే ఉంటుంది కదా.

ఏదైనా తేడా జరిగితే ఏం చేస్తుంది

నా ఓటు అంతా ఈ ప్రశ్నకే. ఒక ఉదాహరణ చెప్తాను. బూస్ట్‌లో ఉన్నప్పుడు పెట్రోల్ ప్రెషర్, లోపలి గాలి ప్రెషర్ కంటే ఎప్పుడూ 3 బార్ ఎక్కువ ఉండాలనుకుందాం. పంపు అలిసిపోయి ఆ తేడా 2.4కి పడిపోయింది. ఇంజెక్టర్ నుంచి వచ్చే పెట్రోల్ ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి దాదాపు 11 శాతం తగ్గుతుంది. గాలి, పెట్రోల్ నిష్పత్తి 11 ఉండాల్సింది 12.3 అవుతుంది. టర్బో రోటరీకి అది ప్రమాదం. ఈసీయూకి మాత్రం ఏం తెలియదు, టేబుల్‌లో ఉన్న ప్రకారం తన పని తను చేస్తూనే ఉంటుంది. పెట్రోల్ ప్రెషర్ సెన్సర్ పెట్టి, "తేడా ఇంతకంటే పడితే వెంటనే బూస్ట్ ఆపు, ఇంజిన్ కట్ చెయ్" అని రాసుకునే వీలుంటేనే బతుకుతుంది. ఆయిల్ ప్రెషర్‌కి, వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ రీడింగ్‌కి కూడా అలాంటి కాపలా ఉండాలి.

మనిషి చూసి ఆపుతాడు అనుకోవద్దు. లాగ్ ఫైల్ సెకనుకి 20 సార్లు రాస్తే రెండు లైన్ల మధ్య 50 మిల్లీసెకన్లు. 7000 ఆర్‌పీఎమ్ దగ్గర ఆ గ్యాప్‌లో రెండు రోటర్లలో కలిపి పదకొండు పన్నెండు సార్లు మంట వెలుగుతుంది. సీల్ విరగడానికి కావల్సినంత టైమ్ అది, లాగ్‌లో ఒక్క లైన్ కూడా ఉండదు. అందుకే లాగింగ్ స్పీడ్ కూడా నేను చూశాను. డాలస్‌లో రాత్రి పదకొండు అయ్యేసరికి ఇక్కడ నాకు పొద్దున తొమ్మిదిన్నర. బావ పంపే ఫైల్‌ని ఆఫీస్ పని మొదలయ్యేలోపు పైథాన్ స్క్రిప్ట్‌లో వేసి గ్రాఫ్ గీయాలనేది మా ప్లాన్. లాగ్ సరిగ్గా ఉంటేనే ఏడు సముద్రాల ఇవతల ఉన్న నేను ఏమైనా పనికొచ్చేది.

స్పీడ్యూనోలో కూడా ఆయిల్ ప్రెషర్, గాలి పెట్రోల్ నిష్పత్తి కాపలాలున్నాయి, లేవనడం అన్యాయం. కానీ ఆ 8 బిట్ చిప్ నాక్ శబ్దాన్ని విశ్లేషించలేదు, దానికి బయట ఇంకో బోర్డు కావాలి. టర్బో లేని 13బీ అయితే నేను కళ్లు మూసుకుని స్పీడ్యూనో అనేవాణ్ణి.

వేడి సంగతి

మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు దాటడం మనకి కొత్త కాదు. డాలస్‌లోనూ ఎండాకాలం 40 తాకుతుంది. 25 నుంచి 45కి వెళ్తే గాలి చిక్కదనం 6 శాతం పైనే తగ్గుతుంది, నాక్ అయ్యే అవకాశం పెరుగుతుంది. కాబట్టి లోపలికి వెళ్లే గాలి వేడిని బట్టి టైమింగ్ వెనక్కి, బూస్ట్ కిందకి తెచ్చే టేబుల్ ఉండి తీరాలి. ఐఫోన్‌ని 35 డిగ్రీల దాకానే వాడమని యాపిల్ అంటుంది. ఆర్డ్యూనో మెగాలోని చిప్‌కి 85 డిగ్రీల దాకా లిమిట్ ఉంది. అలాగని ఇంజిన్ పక్కన పెట్టకూడదు. ఈ కారులో కంపెనీ ఈసీయూ ప్యాసింజర్ కాళ్ల దగ్గర ఉంటుంది, కొత్తదానికీ అదే మంచి చోటు.

పెట్రోల్ కూడా ఇందులో భాగమే. అక్కడ పంపులో 93 అని రాసి ఉండేది మన లెక్కలో దాదాపు 98 ఆక్టేన్. మన మామూలు పెట్రోల్ ఇంతకుముందు 91, ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసి వస్తోంది. ఇథనాల్ శాతం కొలిచే ఫ్లెక్స్ సెన్సర్‌ని అందుకునే ఈసీయూ అయితే రేపు బావ ఈ85 పోయించుకున్నా టేబుల్స్ దానంతట అవే సర్దుకుంటాయి.

చివరికి ఏం తీసుకున్నాం

హాల్టెక్ ఎలీట్ 1500. నాలుగు ఇంజెక్టర్, నాలుగు ఇగ్నిషన్ అవుట్‌పుట్లు, సరిగ్గా మా లెక్కే. స్ప్లిట్ టేబుల్ ఉంది, మాజ్దా క్యాస్ పళ్ల లెక్క ముందే తెలుసు, నాక్ డిటెక్షన్, బూస్ట్ కంట్రోల్, కాపలా సెట్టింగ్స్ అన్నీ ఉన్నాయి. స్పీడ్యూనో కంటే చాలా ఖరీదు. కోడ్ చూడలేం, నాలాంటి వాడికి అది నచ్చని విషయమే. కాయిల్స్, ఇంజెక్టర్ల పిన్నుల్లో ఒక్కటి కూడా ఖాళీ మిగలదు, రేపు ఇంకో జత ఇంజెక్టర్లు పెట్టాలంటే బాక్స్ మార్చాలి. వీటన్నిటికంటే పెద్ద కారణం మాత్రం స్పెసిఫికేషన్‌లో లేదు. బావ ఇంటికి దగ్గర్లో రోటరీలు ట్యూన్ చేసే మనిషి ఉన్నాడు, ఆయన రోజూ వాడేది ఇదే. డైనో మీద బూస్ట్ పెంచేటప్పుడు పక్కన ఉండేది ఆయన. ఆయనకి చేయి తిరిగిన సాఫ్ట్‌వేర్ ఉండటం వంద ఫీచర్ల కంటే ముఖ్యం. ఆయన లింక్ వాడేవాడైతే ఇక్కడ లింక్ అని రాసేవాణ్ణి.

టెక్సస్‌లో పొగ పరీక్ష ఉన్న జిల్లాల్లో కూడా 24 ఏళ్లు దాటిన బండ్లకి ఆ పరీక్ష లేదు, కాబట్టి బావకి ఆ తలనొప్పి తప్పింది. మన దగ్గర అలా కుదరదు. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. మరి ఇక్కడ ఈ పిచ్చి ఉన్నవాళ్లు ఏం చేయాలి? ఇంజినీరింగ్ చదువుతుంటే ఫార్ములా భారత్ టీమ్‌లో చేరండి. కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో జరిగే విద్యార్థుల పోటీ ఇది. 710 సీసీ లోపు ఇంజిన్, గాలి వెళ్లే దారి 20 మిల్లీమీటర్లకి మించకూడదని రూలు. ఆ రూలు వల్ల ఈసీయూ ట్యూనింగ్ బాగా తెలిసిన టీమ్‌కి పెద్ద లాభం ఉంటుంది. అది కుదరకపోతే పైన చెప్పిన రెండు ఆర్డ్యూనోల బెంచ్ ఉండనే ఉంది.

ప్రస్తుతం డాలస్‌లో వైరింగ్ సగం అయింది. పాత వైర్ల ప్లాస్టిక్ ముట్టుకుంటే పొడైపోతోందట, అందుకే మొత్తం కొత్తది వేస్తున్నాడు. మొదటిసారి సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజెక్టర్ల కనెక్టర్లు పీకేసి, టైమింగ్‌ని మైనస్ 5 డిగ్రీల దగ్గర లాక్ చేయమన్నాను. ఈ కారు పుల్లీ మీద మాజ్దా వేసిన పసుపు గుర్తు లీడింగ్‌కి సరిగ్గా ఆ 5 డిగ్రీల దగ్గరే ఉంటుంది, ఎర్ర గుర్తు ట్రెయిలింగ్‌కి 20 దగ్గర. టైమింగ్ లైట్ కొట్టినప్పుడు పసుపు గుర్తు సూదికి ఎదురుగా కదలకుండా నిలబడితే అప్పుడు ఇంజెక్టర్లు కలపాలి. గుర్తు కదులుతుంటే సెన్సర్ వైర్లు మార్చి మళ్లీ చూడాలి.